కమెడియన్ల ముచ్చట్ల పాడ్‌కాస్టులు: ఏది ఎవరి చెవికి?

ఒక కమెడియన్ మైకు ముందు కూర్చుని, ఇంకొకరిని పిలిచి గంటసేపు మాట్లాడించే పాడ్‌కాస్టులు ఇంగ్లీషులో కుప్పలుగా ఉన్నాయి. కొత్తగా వినేవాళ్లు మామూలుగా ఏం చేస్తారంటే, తమకి నచ్చిన నటుడి పేరు వెతికి ఆ ఎపిసోడ్ పెట్టుకుంటారు. పావుగంట విని, ఇందులో ఏముందని మూసేస్తారు. చాలాసార్లు తప్పు నటుడిది కాదు. మాట్లాడించే మనిషి ధోరణి ఆ చెవికి పట్టదు, అంతే. ఇలాంటి షోలో అతిథి వారం వారం మారతాడు, హోస్టు మాత్రం ఉండిపోతాడు. మీరు ఏళ్ల తరబడి వినబోయేది అతని గొంతు, అతని నవ్వు, అతను అడ్డు తగిలే పద్ధతి. అందుకే నేను ముందు హోస్టుల్ని పోల్చి, అతిథుల సంగతి తర్వాత చెబుతాను. నేను మాట్లాడేవన్నీ అమెరికా, బ్రిటన్ షోలు. చాలావరకు ఉచితంగానే వినొచ్చు, ప్రకటనలు భరించగలిగితే.

అసలు విలేకరులుండగా ఇంటర్వ్యూకి కమెడియన్ ఎందుకు? స్టేజీ మీద బతికినవాడికి ఎదుటి మనిషి ఊపిరి ఎక్కడ మారిందో తెలుస్తుంది. జనం ఎప్పుడు విసుగెత్తుతారో ఇంకా బాగా తెలుస్తుంది. పైగా ముందు తన పరువు తానే తీసుకుంటాడు కాబట్టి అతిథి కూడా కాస్త బిగువు సడలిస్తాడు. దీనికో నష్టం కూడా ఉంది. మౌనం వస్తే కమెడియన్‌కి భయం. అతిథి ఏదో బరువైన మాట అనబోతుంటే మధ్యలో జోకు పడుతుంది, ఆ మాట ఇక తిరిగి రాదు. ఏ హోస్టు ఆ మౌనాన్ని ఓర్చుకుంటాడు, ఎవడు ఓర్చుకోలేడు అన్నది పట్టుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

మారన్, కోనన్: ఎదురెదురు ధోరణులు

మౌనాన్ని ఓర్చుకోవడంలో అమెరికన్ కమెడియన్ మార్క్ మారన్‌ని మించినవాడు నాకు కనిపించలేదు. ఎయిర్ అమెరికా రేడియోలో ఉద్యోగం పోయాక, అదే స్టూడియోలోకి రాత్రిళ్లు గుట్టుగా వెళ్లి రికార్డు చేసుకుంటూ 2009 సెప్టెంబరులో 'డబ్ల్యూటీఎఫ్' మొదలుపెట్టాడు. తర్వాత షో లాస్ ఏంజలిస్‌లో తన ఇంటి గరాజుకి మారింది. తొలి రోజుల్లో వచ్చినవాళ్లలో చాలామంది తోటి కమెడియన్లు, వాళ్లలో కొందరితో మారన్‌కి పాత తగాదాలున్నాయి. అందుకే ఆ ఎపిసోడ్లు ఇంటర్వ్యూల్లా ఉండవు. ఇద్దరు మనుషులు పాత లెక్కలు తేల్చుకుంటున్నట్టు ఉంటాయి.

అతను పుట్టిన ఊరు, నాన్న, మొదటిసారి స్టేజీ ఎక్కిన రాత్రి దగ్గర మొదలుపెడతాడు. కుర్రతనంలో నువ్వు ఎవరెవర్ని చూసి ఇటు వచ్చావని దాదాపు అందర్నీ అడుగుతాడు. మామూలు ప్రశ్నలాగే ఉంటుంది గానీ, దానికి జవాబిస్తూ అతిథి తెలియకుండానే తన అసలు కథలోకి దిగిపోతాడు. 2010లో హాలీవుడ్ కామెడీ నటుడు రాబిన్ విలియమ్స్‌తో చేసిన ఎపిసోడ్ దీనికి మంచి సాక్ష్యం. టీవీలో ఒక్క క్షణం కుదురుగా ఉండని మనిషి అక్కడ గొంతు తగ్గించి, తాగుడు గురించీ చావు ఆలోచనల గురించీ మాట్లాడతాడు. 2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన శబ్ద రికార్డుల జాబితాలో దాన్ని చేర్చింది.

ఇది అందరికీ పడదు. ఎపిసోడ్ మొదట్లో మారన్ ఒక్కడే తన పిల్లుల గురించీ కోపాల గురించీ పది, పదిహేను నిమిషాలు మాట్లాడతాడు. కొత్తవాళ్లు మొహమాటం లేకుండా దాన్ని దాటేయొచ్చు. (పాతవాళ్లలో దాని కోసమే వినేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి.) అతిథి చెబుతున్న కథని లాగి తన కథకి ముడిపెట్టే అలవాటు కూడా ఉంది. ఒక్కోసారి మరీ నొక్కి అడుగుతాడు. 2011లో గాలగర్ అనే పేరున్న కమెడియన్ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఇంకో మెలిక: షో 2025 అక్టోబరుతో ఆగిపోయింది. కొత్త ఎపిసోడ్ రాదు. నన్నడిగితే కొత్త శ్రోతకి అది మేలే. 1,600 పైచిలుకు ఎపిసోడ్ల పూర్తయిన కొట్టు మీ ముందుంది, వెంటపడి అందుకోవాల్సింది ఏమీ లేదు.

కోనన్ ఓబ్రయన్ దీనికి పూర్తిగా అటు కొస. 'కోనన్ ఓబ్రయన్ నీడ్స్ ఎ ఫ్రెండ్' 2018 నవంబరులో మొదలైంది, మొదటి అతిథి కామెడీ నటుడు విల్ ఫెరెల్. 1993 నుంచి టీవీలో రాత్రి షోలు చేస్తూ వేలమంది తారల్ని కలిశాను గానీ ఒక్కడూ స్నేహితుడు కాలేదు అన్నది షో పేరులోని వేళాకోళం. వచ్చిన ప్రతివాళ్లూ మొదట తమ పేరు చెప్పి, కోనన్‌కి స్నేహితుడు కావడం గురించి తమకేమనిపిస్తోందో చెప్పాలి. ఆ ఒక్క వాక్యంలోనే కొందరు అతని పరువు తీసేస్తారు.

ఇక్కడ అతిథి గుండె విప్పి చూపిస్తాడని ఆశ పెట్టుకోకండి. ఇది ఆట. కోనన్ గొప్పలు పోతాడు, అతిథి గాలి తీస్తాడు, పక్కనే ఉన్న సోనా మొవ్‌సేసియన్, మ్యాట్ గోర్లీ మిగిలిన గాలి కూడా తీస్తారు. సోనా 2009లో అతని అసిస్టెంటుగా చేరింది. యజమానిని ఇంత నిర్భయంగా వెక్కిరించే ఉద్యోగిని ఇంకే షోలోనూ వినబడదు. ఎపిసోడ్ చివర ముగ్గురూ దేనికో పోట్లాడుకునే భాగం కొన్నిసార్లు పెద్ద తారతో జరిగిన ముచ్చట కంటే బాగుంటుంది. నటుడు పాల్ రడ్ టీవీ రోజుల నుంచీ ఏళ్లుగా కోనన్ మీద ఒకే చిలిపి పని చేస్తూ వచ్చాడు: తన కొత్త సినిమా ముక్క చూపిస్తానని చెప్పి, సంబంధమే లేని పాత సినిమా ముక్క వేయించేవాడు. పాడ్‌కాస్టుకి వచ్చి కూడా అదే చేశాడు. అతిథులు హోస్టుని ఇంత చనువుగా ఏడిపించే చోటు అది.

లోపం ఎక్కడంటే, మెల్లగా ఆలోచించి మాట్లాడే అతిథి వచ్చినప్పుడు. వాక్యం పూర్తికాకుండానే కోనన్ బుర్రలో నాలుగు జోకులు సిద్ధమవుతాయి, రెండు బయటికి వచ్చేస్తాయి. రోజంతా పనిచేసి అలసిపోయిన మనిషికి ఇదే కావాలి. అర్ధరాత్రి నిద్రపట్టక ఎవరిదైనా నిజమైన గొంతు వినాలనిపిస్తే మారన్ దగ్గరికి వెళ్లాలి.

కోనన్‌దే ఇంకో చిన్న షో ఉంది, 'నీడ్స్ ఎ ఫ్యాన్' అని. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో, పేరు లేని అభిమానులు, వీడియోలో వచ్చి అతనితో మాట్లాడతారు. అరగంట లోపే అయిపోతుంది. హోస్టు సత్తా తెలిసేది తారలతో మాట్లాడినప్పుడు కాదు. తన పనేమిటో సరిగ్గా చెప్పడం కూడా రాని అపరిచితుడితో నవ్వు పుట్టించినప్పుడు తెలుస్తుంది. ఆ అభిమానుల్లో కొందర్ని వెతుక్కుంటూ వాళ్ల దేశాలకే వెళ్లి 2024లో ఒక ప్రయాణాల సిరీస్ కూడా తీశాడు.

ఒకే అతిథి, రెండు గదులు

హోస్టుని చూసి ఎంచుకోండి అని ఎందుకంటున్నానో ఒక్క అతిథిని పట్టుకుంటే తేలిపోతుంది. బరాక్ ఒబామా 2015 జూన్‌లో, అధ్యక్షుడిగా ఉండగానే, మారన్ గరాజుకి వచ్చారు. చార్ల్‌స్టన్ నల్లవాళ్ల చర్చిలో కాల్పులు జరిగి రెండు రోజులే అయింది. ఆయన జాతివివక్ష గురించి, తుపాకుల గురించి, తండ్రి లేకుండా పెరగడం గురించి మాట్లాడారు. వివక్ష పోలేదని చెప్పడానికి నల్లవాళ్లని తిట్టే ఆ మాటని కూడా పూర్తిగా పలికారు. ఎపిసోడ్ బయటికి రాగానే వార్తలన్నీ దాని మీదే. 2025లో మారన్ చివరి ఎపిసోడ్‌కి కూడా ఆయనే అతిథి. ఈసారి మారనే వాషింగ్టన్‌లో ఆయన ఆఫీసుకి వెళ్లాడు.

మధ్యలో, 2024 మార్చిలో, అదే ఒబామా 'స్మార్ట్‌లెస్' అనే ఇంకో షోలో కనిపించారు. పక్కన బైడెన్, క్లింటన్. ఎదురుగా ముగ్గురు హోస్టులు. మొత్తం ఆరుగురు, ఆరు మైకులు. ముగ్గురు అధ్యక్షులు ఒక్కచోట ఉన్నారన్న సరదా తప్ప ఎవరి నుంచీ లోతైన మాట రాదు, వచ్చే వీలూ లేదు. మనిషి ఒకడే, చెప్పడం వచ్చినవాడే. గది మారింది, వచ్చిన సరుకు మారిపోయింది.

అలాగని 'స్మార్ట్‌లెస్'ని తీసిపారేయను. జేసన్ బేట్‌మన్, షాన్ హేస్, విల్ ఆర్నెట్ 2020 జులైలో దీన్ని మొదలుపెట్టారు. నిక్కచ్చిగా చెప్పాలంటే వీళ్లు స్టాండప్‌వాళ్లు కారు, కామెడీ నటులు. షో కిటుకు ఏమిటంటే, వచ్చే అతిథి ఎవరో ముగ్గురిలో పిలిచిన ఒక్కడికే తెలుసు. మిగతా ఇద్దరూ సిద్ధపడకుండా వస్తారు. మొదటి రెండు నిమిషాల తత్తరపాటు, గుర్తుపట్టాక కేక, ఇవన్నీ కల్పించినవి కావు. బేట్‌మన్ కాస్త పద్ధతిగా అడుగుతాడు, ఆర్నెట్ వెక్కిరిస్తాడు, హేస్ అందరూ అడగడానికి సిగ్గుపడే ప్రశ్న అడిగేస్తాడు. సినిమావాళ్ల పరిభాష దొర్లినప్పుడల్లా విస్కాన్సిన్‌లో ఉన్న హేస్ అక్క ట్రేసీకి అర్థమయ్యేలా చెప్పమని ఆగుతారు. బయటివాళ్లకి అది పెద్ద సాయం.

ఇంగ్లీషు మన రెండో భాష అయినప్పుడు ఇందులో ఒక చిక్కుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు, గొంతులు గుర్తుపట్టేలోపు మూడు జోకులు దాటిపోతాయి. దీంతో మొదలుపెట్టకండి. కోనన్‌ని ఓ నెల విన్నాక వస్తే తేలిక.

అమెరికన్ కమెడియన్ ఎమీ పోలర్ 'గుడ్ హ్యాంగ్' 2025 మార్చిలో వచ్చింది, మొదటి అతిథి టీనా ఫే. పాడ్‌కాస్టులకి గోల్డెన్ గ్లోబ్ మొదటిసారి ఇచ్చింది 2026లో, దక్కింది దీనికే. ఆమె ఎత్తుగడ నాకు చాలా నచ్చింది: అతిథి రాకముందే అతని స్నేహితుడితోనో తోటి పనివాళ్లతోనో మాట్లాడి, అతిథి లేనప్పుడు అతని గురించి మంచి మాటలు చెప్పించి, అడగాల్సిన ప్రశ్న ఒకటి తీసుకుంటుంది. పత్రికలవాళ్లు తయారుచేసుకున్న ప్రశ్నలకి దొరకని సంగతి ఆ ఒక్క ప్రశ్నకి దొరుకుతుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఇరుకున పెట్టరు. తగాదా కావాలనుకునేవాళ్లకి చప్పగా ఉంటుంది. ఒంట్లో బాగోనప్పుడు, మనసు బాగోనప్పుడు ఇంతకంటే మంచి తోడు లేదు.

బ్రిటన్‌వాళ్లు ఏదో ఒక నియమం పెడతారు

బ్రిటిష్ కమెడియన్లకి ఊరికే కూర్చుని మాట్లాడుకోవడం ఇబ్బందో ఏమో, ముందు ఒక ఆట నియమం పెట్టుకుంటారు. ఆ నియమమే అతిథిని విప్పుతుంది.

ఎడ్ గాంబుల్, జేమ్స్ అకాస్టర్ 2018 చివర్లో మొదలుపెట్టిన 'ఆఫ్ మెన్యూ'లో అతిథి ఒక కలల రెస్టారెంటుకి వస్తాడు. గాంబుల్ యజమాని, అకాస్టర్ భూతం రూపంలో ఉన్న సర్వరు. మొదటి వంటకం నుంచి చివరి తీపి దాకా తన జీవితంలో బెస్టు భోజనాన్ని అతిథి ఎంచుకోవాలి. మధ్యలో ఎక్కడో అకాస్టర్ ఉలిక్కిపడేలా అరుస్తాడు, పప్పడమా బ్రెడ్డా అని. అతిథికి తెలియకుండా ముందే ఒక నిషిద్ధ పదార్థం ప్రకటిస్తారు. అది నోట వచ్చిందా, బయటికి గెంటేస్తారు. వినడానికి పిల్లల ఆటే. కానీ తిండి గురించి అడిగితే మనిషి అమ్మ గురించి, డబ్బులేని రోజుల గురించి, విడిపోయిన మనిషితో చివరిసారి తిన్న చోటు గురించి చెబుతాడు. నీ బాల్యం గురించి చెప్పు అంటే ఇవేవీ రావు. అతిథి ఎవరో బొత్తిగా తెలియకపోయినా ఈ షో వినొచ్చు. అది చాలా షోలకి లేని సుగుణం.

రిచర్డ్ హెరింగ్‌ది ఇంకో దారి. 2012 నుంచి లండన్ లెస్టర్ స్క్వేర్ థియేటర్లో జనం ముందు రికార్డు చేస్తూ వచ్చాడు. మాట తడబడితే బయటికి తీయడానికి అతని దగ్గర అత్యవసర ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పంది మాంసంతో చేసిన చెయ్యి కావాలా, సన్‌క్రీమ్ కారే చంక కావాలా అన్నది వాటిలో పేరుమోసింది. ఇంత పనికిమాలిన ప్రశ్నలు వేసే షోలోనే 2013లో నటుడు స్టీఫెన్ ఫ్రై, అంతకు ముందు ఏడాది తాను ఆత్మహత్యకి ప్రయత్నించానని మొదటిసారి బయటపెట్టాడు. జనం నిండిన హాల్లో. పనికిమాలినతనం మనిషిని అలసత్వంలోకి దింపుతుందని కొందరంటారు. నాకు మాత్రం, ఇక్కడ ఎవరూ నన్ను తూకం వేయట్లేదన్న నమ్మకమే ఆ మాట చెప్పించిందనిపిస్తుంది. జనం నవ్వులు అడ్డొస్తాయి అనుకునేవాళ్లు మాత్రం ఇది వదిలేయొచ్చు.

ఏ నియమమూ వద్దు, తీరిగ్గా కావాలంటే ఆడమ్ బక్స్‌టన్. అతని షో 2015లో మొదలైంది. కుక్కని వెంటబెట్టుకుని పొలాల గట్ల మీద నడుస్తూ ముందుమాట, చివరిమాట రికార్డు చేస్తాడు, మధ్యలో సొంతంగా కట్టిన చిన్న పాటలు. మాట ఎటు పోతే అటు పోతుంది. తొందర ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు.

పెద్ద పేరు, మూడు గంటలు

జో రోగన్‌ని వదిలేసి ఈ పోలిక రాస్తే మొదటి ప్రశ్న అదే వస్తుంది. అతని షో 2009 డిసెంబరులో మొదలైంది. ఎపిసోడ్ తరచూ మూడు గంటల దాకా సాగుతుంది. కమెడియన్లు, కుస్తీవాళ్లు, శాస్త్రవేత్తలు, రాజకీయ నాయకులు అందరూ వస్తారు. 2024 అక్టోబరులో ట్రంప్ కూడా అక్కడ దాదాపు మూడు గంటలు కూర్చున్నాడు. అంత సేపు ఏ నాయకుడూ కంఠతా పట్టిన మాటలతో నెట్టుకురాలేడు, అది ఈ షో బలం. బలహీనత కూడా అక్కడే ఉంది: అతిథి ఏమన్నా రోగన్ ఆశ్చర్యపోతాడు గానీ ఎదురు ప్రశ్న వేయడం తక్కువ. కోవిడ్ టీకాల మీద తప్పుడు సమాచారం వ్యాపిస్తోందని గాయకుడు నీల్ యంగ్ 2022 జనవరిలో స్పాటిఫై నుంచి తన పాటలు తీసేయించింది ఈ షో కారణంగానే. కమెడియనో ఫైటరో వచ్చిన ఎపిసోడ్లు హాయిగా వినండి. మందులు, జబ్బులు, చరిత్ర రహస్యాలు అంటూ మాట్లాడే అతిథుల దగ్గర చెవి ఒకటి మూసుకోండి.

జోకు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి పైవేవీ అక్కర్లేదు. మైక్ బర్బిగ్లియా 'వర్కింగ్ ఇట్ అవుట్' చాలు. ఇంకా పూర్తికాని జోకుని తెచ్చి అతిథి ముందు పెడతాడు, ఇద్దరూ కలిసి ఏ మాట తీయాలి, ఎక్కడ ఆగాలి అని చెక్కుతారు. స్టాండప్ రాసేవాళ్లకి పాఠం, మిగతావాళ్లకి కాస్త పని ఎక్కువ.

ఇప్పుడు అతిథి

హోస్టు కుదిరాక మొదటి ఎపిసోడ్‌గా ఏది వినాలి? పెద్ద తార పేరు చూసి నొక్కకండి. కొత్త సినిమా విడుదల వారంలో వచ్చిన తార అయితే మరీ వద్దు. ఆ వారం అదే మనిషి నాలుగైదు షోల్లో అవే మూడు కథలు చెబుతాడు, షూటింగులో జరిగిన తమాషా సంగతితో సహా. ఎపిసోడ్ తేదీ, సినిమా తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అమ్ముకోవడానికి ఏమీ లేనప్పుడు వచ్చిన ఎపిసోడ్ కోసం వెతకండి.

హోస్టుకి పాత స్నేహితుడైన అతిథి రెండంచుల వ్యవహారం. ప్రేమ ఉంటుంది, నవ్వు నిజంగా ఉంటుంది, కానీ ముప్పై ఏళ్ల కిందట వాళ్లిద్దరికీ మాత్రమే తెలిసిన మేనేజరు గురించి పది నిమిషాలు నవ్వుకుంటారు. మనం గుమ్మం బయట నిలబడ్డట్టుంటుంది. వీటిని ఆ షోకి అలవాటు పడ్డాకే వినాలి. కమెడియన్ కాని అతిథి, అంటే సంగీతకారుడో రచయితో వచ్చినప్పుడు హోస్టు పోటీ మానేసి నిజంగా వింటాడు. మొదటి ఎపిసోడ్‌కి నా ఓటు ఎప్పుడూ ఇలాంటిదానికే. ఇద్దరు కమెడియన్లు కలిస్తే మాత్రం ఎటైనా పోవచ్చు: ఒకరినొకరు నవ్వించే పోటీలో గంట గడిచిపోవచ్చు, లేదా మధ్యలో ఎక్కడో ఇద్దరూ అలసిపోయి అసలు మాటలు మొదలుపెట్టొచ్చు. అందుకే వీటిని ఇరవై నిమిషాల దగ్గర ఆపేయకండి. అసలు సంగతి తరచూ ఆ తర్వాతే వస్తుంది.

ఇక వినే పద్ధతి. వేగం పెంచి వినే అలవాటు ఉంటే ఈ షోలకి దాన్ని ఆపేయండి. జోకు బతికేది ఆగిన చోట. ఒకటిన్నర రెట్లు పెడితే ఆ ఖాళీయే మాయమవుతుంది. యాస అర్థం కాకపోతే, ముఖ్యంగా బ్రిటిష్ షోల్లో, ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 మార్చి నుంచి ఇంగ్లీషు మాటలు తెర మీద కనబడుతున్నాయి. యూట్యూబులో వీడియో ఉన్న షోలకి సబ్‌టైటిల్స్ ఉంటాయి. ముగ్గురు నలుగురు మాట్లాడే షోలకైతే మొదట కొన్నిసార్లు వీడియోనే చూడండి. ఎవరి గొంతు ఎవరిదో కుదిరాక చెవులు చాలు.

ఇప్పటికీ తేల్చుకోలేకపోతే, ఈ హోస్టుల్లో ఇద్దరి దగ్గరికి వెళ్లిన ఒక మనిషి పేరు వెతకండి. ఈ తారలందరూ చాలా షోలు తిరుగుతారు కాబట్టి దొరకడం కష్టం కాదు. కోనన్ మొదటి అతిథి విల్ ఫెరెల్ 'స్మార్ట్‌లెస్'లోనూ ఉన్నాడు. రెండూ ఒకే వారంలో వినండి. రెండోది పూర్తయ్యేసరికి మీకు గుర్తొస్తున్నది ఫెరెల్ చెప్పిన కథా, ఎదుటివాడు నవ్విన తీరా అన్నది గమనించండి. ఎవరి నవ్వు గుర్తొస్తే ఆ షోకి సబ్‌స్క్రైబ్ కొట్టేయండి.